పరిశోధనలో శిక్షణ: ఎవరికి, ఎవరి కోసం?

(విశాఖపట్నంలో పి.జి. విద్యార్థినులు, మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్య సేవల మీద పరిశోధన అంటే డాక్టర్ల వ్యవహారం కదా, మహిళా సంఘానికి అందులో పనేమిటని కొందరు అడుగుతున్నారు. చాలా పని ఉంది.

2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాల్లో దాదాపు 35 వేలమంది పెద్దవాళ్లను ప్రశ్నించారు. మానసిక సమస్యలున్నవారిలో నూటికి 70 మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. అయితే ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన స్త్రీల బాధ ఆ లెక్కల్లోకి ఎక్కలేదు. లెక్కలో లేనివాళ్లకి బడ్జెట్‌లోనూ చోటు దొరకదు.

విశాఖలో చదువుకునే వసతులు లేక కాదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నుంచి ఉన్నాయి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. యూనివర్సిటీలో సైకాలజీ, సోషల్ వర్క్ రెండూ బోధిస్తున్నారు. ఇక పరిశోధించవలసిన విషయాలకు కొదవేముంది? ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీచేసిన కుటుంబాల స్త్రీలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో పడవలూ వలలూ పోయిన మత్స్యకార కుటుంబాలు, 2020 మే 7న స్టైరిన్ విషవాయువు కమ్మిన ఆర్.ఆర్. వెంకటాపురం తల్లులు. నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు నిద్రపట్టని రాత్రులను ఎవరు లెక్కిస్తారు?

2023లో ఈ నగరంలోనే హాస్టల్లో ఉండి నీట్ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని ఆదేశించింది. మంచిదే. కానీ అంతమందికి శిక్షణ ఎవరిస్తారు?

నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే ఫెలోషిప్ వస్తుంది. ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. డాక్టోరల్ ఫెలోషిప్పులూ ఉన్నాయి. అయితే ఇవి పిహెచ్.డి. దాకా వచ్చినవారికే. ఇంట్లో పెళ్లి తొందరపెడుతుంటే అంతదాకా నిలవగలిగే అమ్మాయిలు ఎందరు? అందుకే పి.జి.లో ఉండగానే, స్టైపెండ్‌తో, ఇక్కడే శిక్షణ ఇవ్వాలని అడగాలి.

ఆ శిక్షణ చట్టంతో మొదలుకావాలి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 99వ సెక్షన్ ప్రకారం రోగి ఇష్టపూర్వకంగా, తెలిసి ఒప్పుకుంటేనే ఆమె మీద పరిశోధన చేయాలి. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడైనా వద్దనవచ్చు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోవడం కాదు. ఉత్తరాంధ్ర యాసలో, ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నేర్పాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన ఆమెకు ఆమె భాషలోనే చెప్పాలి.

19వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది. ఇంటివాళ్లు రానివ్వలేదనో, నిలువ నీడ లేదనో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు. తీసుకెళ్లేవాళ్లు లేక వార్డులో మిగిలిపోయిన స్త్రీ పరిశోధకులకు సులువుగా దొరుకుతుంది. ఆమె జబ్బు గురించి నాలుగు పేజీల ప్రశ్నలు అడిగి, ఇంటికెందుకు వెళ్లలేదో అడగకుండా వచ్చేస్తే అది పరిశోధన కాదు.

కాబట్టి మూడు కోరుదాం. శిక్షణ తెలుగులో ఉండాలి. పరిశోధనలను అనుమతించే ఎథిక్స్ కమిటీల్లో జబ్బుపడి కోలుకున్న స్త్రీలకు చోటుండాలి. తేలిన విషయాలు థీసిస్‌లోనే ఉండిపోకుండా ఆ బస్తీకి, ఆ వార్డుకి తిరిగి చేరాలి. విద్యార్థినులు ప్రశ్నపత్రం తయారుచేసే రోజునే మహిళా సంఘాలను పిలవండి. మేం వస్తాం.