చిన్న దేశముల వైజ్ఞానిక కల్పన
(సంఘ వార్షికోత్సవ సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగము)



ఈ గోష్ఠిలో ప్రబంధములను గూర్చియో, శతకములను గూర్చియో మాట్లాడుట మన ఆనవాయితీ. ఈ యేడు విషయనిర్ణయమును కార్యదర్శిగారు నాకే విడిచినారు. కనుక మిమ్ములను కొంత దూరము, ఉత్తర ధ్రువవృత్తపు అంచుననున్న ఐస్లాండు ద్వీపమునకు తీసికొనిపోయెదను. భోజనముల వేళకు తిరిగి రాగలము.

వైజ్ఞానిక కల్పన యనగానే మనకు వెర్న్, వెల్స్, అసిమోవ్ స్ఫురింతురు. రాకెట్టు పంపగల దేశమే రాకెట్టు కథ వ్రాయగలదని ఒక నమ్మకము మనలో నాటుకొనియున్నది. అది నిలువదు. ‘రోబో’ అను మాట 1920లో కారెల్ చాపెక్ వ్రాసిన చెక్ నాటకమునుండి పుట్టినది. 1926లో అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికను స్థాపించిన హ్యూగో గెర్న్స్‌బాక్ లక్సెంబర్గులో జన్మించినవాడు. అయితే ఆయన వలసపోయి ఇంగ్లీషులో వ్రాసినాడు. స్వదేశముననే యుండి స్వభాషలో వ్రాసినవారి సంగతి నాకు ముఖ్యము.

ఐస్లాండు జనాభా సుమారు నాలుగు లక్షలు. మన జిల్లా కేంద్రములు కొన్నింటిలో అంతమంది యుందురు. అచటి రచయిత ఆండ్రి స్నైర్ మాగ్నసోన్ 2002లో ‘లవ్‌స్టార్’ అను నవల వ్రాసినాడు. పక్షులు దిక్కు తప్పక ఖండములు దాటు రహస్యమును శోధించి, ఒక సంస్థ మనుష్యులను తీగలు లేకుండ ఒకరితో నొకరిని కలుపును. పిదప ఆ సంస్థయే ఎవరికి ఎవరు తగిన జోడో లెక్కగట్టి చెప్పును. చనిపోయినవారిని ఆకాశమునకు పంపి, ఉల్కలవలె రాల్చును. అప్పులపాలైనవారు తమ నోటినే ప్రకటనలకు అద్దెకిత్తురు! ఒకరినొకరు గాఢముగ ప్రేమించిన యువతీయువకులకు, మీ జోడు వేరొకచోట నున్నదని సంస్థ తెలుపుటతో కథ ముదురును. స్మార్టుఫోను ఇంటింటికి రాకమునుపే వ్రాసిన కథ యిది. 2012లో ఇంగ్లీషు అనువాదము వెలువడి, అమెరికాలో ఫిలిప్ కె. డిక్ పురస్కార సంఘమువారి ప్రత్యేక ప్రశంస పొందినది.

నన్ను మిక్కిలి ఆకర్షించినది కథ నడచు స్థలము. ఆ సంస్థ వెలసినది ఓక్స్‌నదాలుర్ అను కొండలోయలో. 1807లో యోనస్ హాల్‌గ్రిమ్సన్ అను మహాకవి జన్మించినది ఆ లోయలోనే. ఈయన 1842లో ఒక ఖగోళశాస్త్ర గ్రంథమును స్వభాషలోనికి అనువదించినాడు. మాటలు లేనిచోట కల్పించినాడు: గ్రహమునకు ‘తిరుగాడు చుక్క’, ఆకర్షణకు ‘దగ్గరకు లాగు బలము’ అను అర్థములు వచ్చునట్లు. అప్పటి ఐస్లాండు జనాభా అరువదివేలకు లోపు. అంత కొద్దిమంది కొరకు ఒక కవి నక్షత్రములకు మాటలు కూర్చినాడు! తరువాతివారును ఆ మార్గమునే నడచి, కంప్యూటరునకు సంఖ్య, జోస్యురాలు అను రెండు పదములను కలిపి ‘తోల్వ’ యన్నారు. అట్టి భాషలో భావికాలపు నవల పుట్టుట వింతగాదు.

మన సంగతి యేమి? 2011 జనగణన ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు. 2023లో చంద్రయాన్-3 పైకి లేచినది శ్రీహరికోటనుండి, అది తెలుగునేల. కాలయంత్రమును మనవారు 1991లో ‘ఆదిత్య 369’ చిత్రమున చూచి ఆనందించినారు. అయినను మన క్వార్టర్లలో పిల్లలకు తెలుగు పండుగనాటి భాష. గ్రహములు, యంత్రములు వేరొక భాషకు చెందినవి. ఆ పంపకము వారు కోరినది కాదు, మనము చేసినది. మా అమ్మాయి చంద్రునిపై ఇల్లు కట్టు కథను నాకు ఇంగ్లీషులో చెప్పినది. తెలుగులో చెప్పుమనగా, “అది తెలుగులో జరుగదు నాన్నగారూ” అన్నది.

అందుచేత కార్యవర్గమునకు నాదొక మనవి. వచ్చే ఉగాది పోటీలలో పద్యపఠనముతోపాటు, రాబోవు కాలమును గూర్చిన కథారచనను గూడ చేర్చుడు. తెలుగు లిపి రాని పిల్లలు నోటితో చెప్పినను చాలును. పెద్దలు వ్రాసిపెట్టవచ్చును, దిద్దరాదు. బహుమతి పుస్తకముల వ్యయము నేను భరించెదను.