అడుగుల లెక్క



1895 డిసెంబరు 28, పారిస్ గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరుల సినిమా ఆట. మరుసటేడు జులై 7, బొంబాయి వాట్సన్ హోటల్లో. ఈ తేదీలు మీకు నేను చెప్పాలా? ఈ సదస్సులో నిన్నటి పత్రాలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఏ బొమ్మలు వేశారో అందరూ చెప్పారు గానీ, యంత్రం పిడి ఎంత జోరుగా తిప్పారన్నది ఒక్కరూ ఎత్తలేదు. ఇది అధ్యక్షుడి పాత గొడవేనని ముందు వరుసలో నవ్వుకుంటున్నారు. నవ్వనివ్వండి.

లూమియేర్ల పెట్టె బొమ్మ తీసేది, ప్రింటు వేసేది, తెర మీద చూపేది కూడా. పిడి ఒక చుట్టు తిరిగితే 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు తిప్పితే 16. ముప్పై అయిదు ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములే కనుక అడుగంటే సెకను. లెక్క ఇంత సుళువు కాబట్టే 16 అన్న అంకె మనవాళ్లకి శాసనమైపోయింది. తిప్పేది మనిషి చెయ్యి అన్న సంగతి మాత్రం మరిచారు. ఇంకో ఆట పడితే ఇంకో వసూలు. యజమాని కనుసైగ చేస్తే ఆపరేటరు చెయ్యి జోరందుకునేది. టాకీ వచ్చాక, వేగం మారితే గొంతే మారిపోతుంది గనక, 24 దగ్గర బిగించేశారు. 16లో తీసిన మూకీని 24లో వేస్తే ఒకటిన్నర రెట్లు పరుగెడుతుంది. అది చూసి మన విమర్శకులు ఆ రోజుల్లో నటనే అంత అని పుస్తకాలు రాశారు!

పోనీ, దాదాసాహెబ్ ఫాల్కేగారి సంగతే తీసుకోండి. 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర' 3,700 అడుగులు. నిడివి నలభై నిమిషాలని రాస్తారు. అది 24 లెక్క. 16లో వేస్తే గంట దాటుతుంది. ఒకే సినిమాలో ఇరవై నిమిషాలు గల్లంతైతే చరిత్రకారులకి చీమ కుట్టినట్టయినా లేదు. పుణె ఫిల్ము ఆర్కైవులో మిగిలిన రీళ్లు అసలువా, 1917లో మళ్లీ తీసినవా అని మాత్రం కొట్టుకుంటారు. అక్కరలేదనను. కానీ ఆ ఫిల్ముకి రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని అంచున చిల్లులు కొట్టిన ఫాల్కేగారి భార్య సరస్వతీబాయి మీద ఈ సదస్సుకి ఒక్క పత్రమూ రాలేదు. చిల్లు వెంట్రుకవాసి తప్పినా బొమ్మ తెర మీద ఊగిపోతుంది.

మా ఊరి టూరింగ్ టాకీసు ఆపరేటరు మూకీల కాలంలో పిడి తిప్పినవాడు. నేనెరిగేనాటికి మోటారు వచ్చేసింది. అయినా అడిగితే గాల్లో తిప్పి చూపేవాడు: యుద్ధానికి ఒక తీరు, ఏడుపుకి ఒక తీరు. మోచెయ్యి కదిలేది కాదు, మణికట్టు ఒక్కటే ఆడేది. నెమ్మదిగా తిప్పితే బొమ్మ మిణుకుమంటుంది కాబట్టి షట్టరుకి మూడు రెక్కలుండాలనీ, అప్పుడు 16 ఫ్రేములూ సెకనుకి 48 మార్లు వెలుగుతాయనీ నాకు చెప్పింది ఆయనే, ఏ ఆచార్యుడూ కాదు. రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోన్‌తో గుడారాలేసుకుని బర్మా, సిలోన్ దాకా తిరిగారంటాం. అందులో బొమ్మనీ గ్రామఫోను ప్లేటునీ జతకలపాలి. వేగం తప్పితే ఆట అభాసే. ఆ యంత్రం దగ్గర నిలబడ్డదెవరు?

ఈమధ్య ఒక చిత్రోత్సవంలో మంచి మూకీని 24లో పరుగెత్తించారు. అడిగితే, నెమ్మదిగా వేస్తే జనం లేచిపోతారన్నారు. పక్కన వయొలిన్ విద్వాంసుడు పాపం రొప్పుతూ వెంటపడ్డాడు.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 1931 సెప్టెంబరుదా, 1932 ఫిబ్రవరిదా అన్న తగాదా ఫిబ్రవరి వైపు తేలింది, తేల్చినవారికి దండం. ఆ ఓడిన పక్షం మిత్రులకిప్పుడు చేతిలో పనిలేదు. పాత ఆపరేటర్ల ఇళ్లకి వెళ్లండి, పిల్లల్నీ మనవల్నీ కదపండి, అటక మీద పిడులూ లెన్సులూ ఉంటే కొలతలు రాసుకోండి. మూకీల పట్టికల్లో నిమిషాలు కొట్టేసి అడుగులు వెయ్యాలనీ, నిమిషాలు రాస్తే వేగం కూడా రాసి తీరాలనీ రేపటి సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. పోయినసారి ఇది మూడు ఓట్లతో వీగింది. ఆ ముగ్గురూ ఇవాళ వచ్చారు, చూశాను.