పాత ఇండ్లకు అరుగు, పందిరి, దడి

(నెమిలిలో ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణము అయిన తరువాత ఎవరైనా పండితులు కవిత్వమును గురించి మాట్లాడుట వాడుక. నేను మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాడిని. కవిత్వము జోలికి పోను. మనలో చాలామందిమి పాత ఇండ్లలో కాపురము వుంటున్నాము. ఆ ఇండ్లకు ముందు, ప్రక్కల వుండే అరుగు, పందిరి, దడి, ఈ మూడింటిని కట్టుట, కాపాడుకొనుట ఎట్లాగో నాకు తెలిసినంత చెబుతాను. కార్యదర్శిగారు అరగంట ఇచ్చినారు. పులిహోర చల్లారక ముందే ముగిస్తాను.

ఈ ఊరి పేరు విన్న తెలుగువాడికి మొదట పక్షి జ్ఞాపకము వస్తుంది. ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చినా, మనకు మాత్రము చెవికి ఇంపుగానే వున్నది. మనవారు ఇటు వచ్చుట ఒక్క తరములో జరిగినది కాదు. రాయవేలూరు విజయనగర ప్రభువులకు రాజధానిగా వున్న రోజులలో వచ్చినవారు వున్నారు. 1856 జులై 1వ తేదీన రాయపురము నుండి వాలాజా వరకు దక్షిణ దేశములో మొదటి రైలు నడిచినది. ఆ తరువాత రైలు ఉద్యోగాలకు అరక్కోణము చేరినవారు వున్నారు. మొన్న మొన్న బదిలీ మీద వచ్చినవారు వున్నారు. 2019లో వేలూరు జిల్లాను మూడు చేసినప్పుడు నెమిలి రాణిపేట జిల్లాకు పోయినది. జిల్లా ఏదైనా, అద్దెకు దొరికే ఇల్లు మాత్రము పాతదే.

అమెరికాలో వున్న మన పిల్లలు ఫోటోలు పంపుతారు. ఇంటి వెనుక చెక్కతో వేసినదానిని డెక్కు అంటారు, దాని మీద తీగలు ప్రాకే కమ్ముల కప్పును పెర్గోలా అంటారు. చూస్తే అది మన అరుగే, మన పందిరే. వారు ఇంటి వెనుక కట్టుకొని తమవారితో కూర్చుంటారు, మనము వీధి ప్రక్కన కట్టుకొని వీధివారితో కూర్చుంటాము. తేడా అంతే. జబ్బు కూడ రెండింటికీ ఒకటే, అది నీరు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణములో 2015 జూన్ 16వ తేదీన ఒక మేడ ముందరి చెక్క వసారా విరిగిపడి ఆరుగురు యువతీ యువకులు పోయినారు. లోపల నీరు చేరి దూలాలు పుచ్చిపోయినవి, పైకి కనబడలేదు.

ముందు అరుగు సంగతి. తమిళులు తిణ్ణై అంటారు. గుడియాత్తములో నేతవారి ఇండ్ల ముందు చూడండి. కండెలు చుట్టినా, అగ్గిపెట్టెలు అంటించినా, కూరలు బేరమాడినా అరుగు మీదనే. మన ఇండ్లలో తమిళము రాని పెద్దావిడ ఒకరు వుంటారు. ఆమెకు ఊరు అంటే ఆ అరుగే. ఎదురింటి పాట్టితో సగము చేతులతో, సగము మాటలతో గంటసేపు మాట్లాడుతుంది. ఏడాది తిరిగేసరికి ఈమెకు తమిళము, ఆమెకు తెలుగు కొంత పట్టుబడతవి. అరుగు పగులగొట్టి, ఇనుప గ్రిల్లు బిగించి, మోటారు సైకిలుకు చోటు చేసిన ఇండ్లలో ఆ పెద్దావిడ టెలివిజను ముందు కూర్చుండిపోయినది. మోటారు సైకిలుకు చోటు వద్దనను. గుమ్మానికి రెండు ప్రక్కలా రెండు అరుగులు వున్నప్పుడు ఒకటి తీసి ఒకటి వుంచవచ్చును గదా!

అరుగు పాడైనది కనుక తీసివేసినాము అంటారు. ఎందుకు పాడైనది? అరుగు లోపల వుండేది ఒట్టి మన్ను. చుట్టూ ఇటుక, పైన గచ్చు. ఇంటి గోడకూ అరుగుకూ కలిసే చోట సన్నని చీలిక పడుతుంది. దానిలోకి వాననీరు దిగుతుంది. క్రింద పందికొక్కు బొరియ తీస్తుంది. రెండూ కలిస్తే రెండు వానకాలములలో అరుగు మధ్యన గుంట పడుతుంది. దీనికి తోడు వీధి రోడ్డు. వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదనే ఇంకొక పొర వేస్తారు. మోకాలి ఎత్తు అరుగు ముప్పది ఏండ్లలో జానెడు ఎత్తుకు దిగిపోతుంది, వీధి నీరు గోడ మొదటికి వస్తుంది. పాత పొరను చెక్కి తీసి వేయవలెనని ప్రభుత్వ ఆదేశాలు వున్నవి. కంట్రాక్టరు పని మొదలుపెట్టిన ఉదయమే వీధిలో పదిమంది నిలబడి అడిగితే ఫలితము వుంటుంది. తారు పోసిన తరువాత అర్జీ పెట్టి లాభము లేదు.

ఇక మనము చేసే మరమ్మత్తు చూస్తే, అది తరచు జబ్బు కంటె చెడ్డది. చీలిక కనబడగానే సిమెంటు తెచ్చి గోడంతా మూడడుగుల ఎత్తు పూస్తాము. పాత గోడ ఇటుకలను మట్టితోనో సున్నముతోనో కట్టినారు. ఆ గోడ నేలలోని చెమ్మను పైకి పీల్చుకొంటుంది. సున్నపు పూత వుంటే ఆ చెమ్మ గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దారి మూసుకొనిపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగుల సిమెంటు పూత పైన, నాలుగో అడుగు దగ్గర, గోడకు చౌడు పూసి పెచ్చులు రాలుట మీరు చూచియుందురు. వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దము వస్తే లోపల మట్టి మెత్తబడినదని అర్థము.

అరుగు చీలికకు చేయవలసినది ఇది. చీలికను శుభ్రముగా గీకి, నీటితో తడిపి, సున్నము ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు కలిపి కూరవలెను. ఈ ప్రాంతపు పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లము నానబెట్టిన నీటితో సున్నము కలుపుతారు. తెలిసిన మేస్త్రీ దొరికితే వదలవద్దు. పూసిన తరువాత వారము దినములు తడి గోనెపట్టా కప్పి వుంచండి. గుంట పడిన చోట మన్ను తీసి, ఇటుక ముక్కలు సున్నములో కలిపి దిమ్మిస చేయండి. పందికొక్కు దానిని త్రవ్వలేదు. పైభాగము వీధి వైపుకు వాలుగా వుండవలెను. నాలుగడుగుల వెడల్పుకు ముప్పాతిక అంగుళము వాలు చాలు. పైన కడపరాయి పరచదలచినవారు నున్నగా మెరుగు పెట్టినది తేవద్దు. నునుపు టైల్సు అసలే వద్దు. తడిసిన టైలు మీద కాలు జారిన ముసలివారి తుంటి ఎముక అతుకుట కష్టము.

పందిరికి వస్తాను. మన రాయవేలూరు కోటలో జలకంఠేశ్వరుని గుడిలోని కల్యాణమండపము చూచినవారికి రాతితో పందిరి వేస్తే ఎట్లా వుంటుందో తెలుసును. మనకు అంత అవసరము లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ఎండకు ఇంటి ముందు నాలుగు గుంజలు, వాటి మీద ఆకో తీగో వుంటే లోపలి గది బ్రతుకుతుంది.

ఇక్కడ ఒక్క విషయము గట్టిగా చెబుతాను. పందిరిని పాత గోడకు కొట్టవద్దు. గోడకు మేకులు దిగగొట్టి, వాటి మీద దూలము ఆనించి, రెండే గుంజలతో సరిపెట్టుట మన అలవాటు. రెండు గుంజల ఖర్చు మిగులుతుంది, నిజమే. కాని గాలి పందిరిని లేపినప్పుడల్లా ఆ మేకులు మట్టి గోడను పెళ్ళగిస్తవి, వాన ఆ రంధ్రాలలోకి దిగుతుంది. పందిరి తన నాలుగు కాళ్ళ మీద తాను నిలవవలెను. గోడకూ దానికీ మధ్య జానెడు ఎడము వుండవలెను.

గుంజ పుచ్చేది ఎప్పుడూ నేల మట్టము దగ్గరనే. చెమ్మా గాలీ రెండూ కలిసేది అక్కడ. అందుచేత కర్రను మట్టిలో పాతవద్దు. ఈ చుట్టుప్రక్కల రాయికి కొదువ లేదు. రెండున్నర అడుగుల రాతి కూసము పాతి, అడుగు ఎత్తు పైకి వుంచి, దానికి ఇనుప పట్టీలతో కర్రను బిగించండి. పందిరి మీద వేసే వెదురు మూడు నాలుగేండ్లు ముదిరినది కావలెను. లేత వెదురులో పిండి పదార్థము ఎక్కువ, పురుగు దానికోసమే వస్తుంది. చెరువులో మూడు నాలుగు వారములు నానవేస్తే ఆ పిండి చాలావరకు పోతుంది. ఇంకా కావలెనంటే వంద లీటర్ల నీటిలో మూడు కిలోల వెలిగారము, రెండు కిలోల బోరిక్ పొడి కలిపి అందులో నానబెట్టవచ్చును. అయితే ఈ మందు వానకు కొట్టుకొనిపోతుంది, కనుక ఆరిన తరువాత జీడినూనె పూయవలెను. జీడినూనె చర్మము కాలుస్తుంది, చేతులకు తొడుగులు లేనిదే ముట్టవద్దు. వెదురుకు మేకు కొడితే చీలుతుంది. కొబ్బరి తాడుతో కట్టండి, ఏటేటా తాడు మార్చండి.

రైల్వేవాడిని గనుక నన్ను తరచు అడుగుతారు, వేలములో పాత చెక్క స్లీపర్లు తెచ్చి గుంజలుగా వేయవచ్చునా అని. ఇప్పుడు ప్రధాన మార్గములలో వున్నవి కాంక్రీటు స్లీపర్లే. పాత చెక్కవి ఎక్కడైనా దొరికితే వాటికి పట్టించిన క్రియోసోటు నూనె సంగతి మరువవద్దు. చెదలు రాని మాట నిజమే. ఎండకు ఆ నూనె పొటమరిస్తుంది, అది ఒంటికి మంచిది కాదు. దూరముగా పశువుల దడికి వేసుకోండి. పిల్లలు ఆనుకొనే పందిరికి, సొరపాదు ప్రాకే పందిరికి వద్దు.

పైకప్పుకు కొబ్బరాకు తడికలు చల్లన, కాని ఏడాది రెండేండ్లకు మించి నిలవవు, నిప్పుకు భయము. 2004 జులై 16వ తేదీన కుంభకోణములో బడి వంటశాల ఆకుకప్పు నుండి ప్రాకిన మంటలో 94 మంది పసిపిల్లలు పోయినారు. వంటింటి వైపు ఆకు పందిరి వద్దు, దీపావళికి ముందు ముంగిటి ఆకును దించివేయండి. రేకులు వేస్తే పందిరి కాస్త పొయ్యి అవుతుంది. పైగా 2016 డిసెంబరు 12వ తేదీన వర్దా తుపాను నాడు మద్రాసులో రేకులు ఎట్లా ఎగిరినవో పత్రికలలో చూచినాము. నా ఓటు తీగకే. సొర, బీర, చిక్కుడు, జాజి, శంఖుపుష్పము. ఆశ్వయుజములో వాన మొదలయ్యేసరికి కూరపాదులు తీసివేయవచ్చును, గాలికి పట్టు దొరకదు. కాగితపు పూల చెట్టు మాత్రము పందిరికి ఎక్కించవద్దు, పదేండ్లకు దాని బరువుకే పందిరి వంగుతుంది.

దడిని గురించి ఎక్కువ చెప్పను. రాతి కూసములకు తీగ లాగినా, తమిళులు కిళువై అనే ముళ్ళ చెట్టు కొమ్మలు నాటినా, గోరింట పెంచినా మంచిదే. గోరింటకు కత్తిరింపు కావలెను, ఆడపిల్లలు వున్న ఇంట్లో అది దానంతట అదే జరుగుతుంది. సీమ తుమ్మ వద్దు. అది దడిగా వుండదు, తోటంతా తనదే అంటుంది.

దడి తీసి ప్రహరీ గోడ కట్టేవారికి మాత్రము చెప్పవలసినది వున్నది. 2019 డిసెంబరు 2వ తేదీన మేట్టుపాళయము దగ్గర నడూరులో ఒక ప్రహరీ గోడ వానకు కూలి ప్రక్క ఇండ్ల మీద పడినది. నిద్రలో వున్న 17 మంది పోయినారు. దడి పడితే కర్ర ముక్క పడుతుంది, గోడ పడితే ఇట్లా వుంటుంది. గోడే కావలెనంటే ఎనిమిది పది అడుగులకు ఒక దిమ్మె స్తంభము కట్టించండి, క్రింది వరుసలలో నీరు పోయే తూములు వదలండి, ఒక ప్రక్క మన్ను గుట్టపోయవద్దు. సన్నని ఒంటి ఇటుక గోడను పొడుగుగా లాగి వూరుకోవద్దు.

ఇంకా దగ్గరి సంగతి. 2021 నవంబరులో మోర్దానా జలాశయము నిండి పొర్లి గుడియాత్తములో కౌండిన్య నదికి వరద వచ్చినది. ఆ వానలలోనే, నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున, పేర్ణంబట్టులో ఒక పాత ఇల్లు కూలి నలుగురు పిల్లలతో సహా తొమ్మిదిమంది చనిపోయినారు. మన ఇండ్లలో చాలావరకు ఆ వయస్సువే. కాబట్టి అక్టోబరు రాకముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. గోడ ఉబ్బినదా, చీలికలో వేలు దూరుతున్నదా, తలుపు వున్నట్టుండి బిగుసుకొన్నదా? మూడింటిలో ఒకటి వున్నా ఆ గోడ ప్రక్కన పిల్లలను పడుకోబెట్టవద్దు, మేస్త్రీని పిలిపించండి.

అద్దె ఇంటివారు అడుగుతారు, ఈ ఖర్చు ఎవరిదని. గోడ, అరుగు ఇంటి యజమానివి. వాటికి మనము సొంతముగా సిమెంటు పూయరాదు, ఆయనకు వ్రాతమూలముగా తెలుపవలెను. పందిరి, దడి మనవి, పోయేటప్పుడు విప్పుకొని తీసుకొనిపోవచ్చును. నాలుగు కాళ్ళ మీద నిలిచే పందిరికి ఇంకొక సౌకర్యము అదే. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు తాళ్ళు విప్పి, వెదుళ్ళు కట్టకట్టి, పార్సిలు ఆఫీసులో వేయవచ్చును.

సున్నము, వెదురు కొలతలు కావలసినవారు భోజనాల తరువాత నన్ను కలవండి, కాగితము మీద వ్రాసి ఇస్తాను. సెలవు.