బిజినెస్ అనలిస్టు వృత్తి

మన పుత్తూరు, నగరి ప్రాంతములలో విస్తారముగా ఆడుచున్న మరమగ్గముల యజమాని యొకరు తన లెక్కలన్నియు కంప్యూటరున కెక్కింపదలచి ప్రోగ్రాము వ్రాయువారిని పిలిచినచో, "స్టాకు కనబడవలెను" అను ఒక్కమాటతో పని తెమలదు. ఏలయన, కూలినేతకు నూలు కిలోల తూకమున వెడలును, బట్ట మీటర్ల కొలతతో మరలివచ్చును, నడుమ పోయిన తరుగు ఎవరి ఖాతాలో వ్రాయవలెనన్నచో మేస్త్రీ ఒకటి చెప్పును, గుమాస్తా మరియొకటి చెప్పును. ఈ చిక్కును ఓపికతో విప్పి, ఇరువురిని ఒప్పించి, కాగితముపై పెట్టువారే బిజినెస్ అనలిస్టు. ప్రోగ్రాము వ్రాయుట వారి పని కాదు. ఏది వ్రాయవలెనో తేల్చుటయే పని.

ఇందులకు ఇంజనీరింగు పట్టాయే కావలెనను భ్రమ మనవారిలో మెండు. బీకామ్ చదివి జమాఖర్చు తెలిసినవారు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ నేర్చి చక్కగా రాణింపగలరు. ధ్రువపత్రము కోరువారికి, 2003లో కెనడాలో వెలసిన బిజినెస్ అనలిస్టుల సంస్థ ఐఐబీఏ నడుపు పరీక్షలలో పైస్థాయిదైన సీబీఏపీకి 7,500 గంటల పని అనుభవము ఉండితీరవలెను గనుక, కొత్తవారు తొలిమెట్టు పరీక్షయైన ఈసీబీఏతో ఆరంభించుట మేలు. ఉద్యోగములు చెన్నై, బెంగళూరు వంటి నగరములలో అధికము. అరక్కోణం మీదుగా రైలెక్కినచో చెన్నై మనకు దూరమేమియు కాదు. ఇంటర్వ్యూకు పోవుటకు ముందు, తెలిసిన దుకాణమొకదాని సరకు రాకపోకలను పటముగా గీసికొని పొండు. ధ్రువపత్రముకంటె ఆ పటమునుగూర్చి చెప్పుటకే మీకు ఎక్కువ మాటలుండును.