హకోనే దారిలో విద్యార్థులు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ వ్యాయామోపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)

  నాకు అక్షరాలు దిద్దించిన గురువులను ఈ వేళ స్మరించుకొంటున్నాను.

ఈ పాఠశాలలోనే చదువుకొని, ఈ మైదానంలోనే ముప్పది ఏండ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన నన్ను ఏదైనా క్రీడా విషయంపై నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఆదేశించారు. సాహిత్యం గురించి చెప్పడానికి నాకన్న యోగ్యులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు తెలిసినది పరుగు. అందుచేత జపాను దేశపు కళాశాల విద్యార్థులు నూరేండ్లకు పైగా పరుగెత్తుతున్న ఒక దారి కథ చెబుతాను.

మారథాన్ పరుగు 42.195 కిలోమీటర్లు. అందులో సగం, అనగా 21.0975 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్. మన దేశంలోనూ అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఈ పరుగు ఒక అంశంగా ఉంటున్నది. అయితే ఈ దూరాన్ని విద్యార్థుల పరుగుగా జనం గుండెల్లో నిలిపిన దేశం జపాను. ఆ చరిత్రకు మూలపురుషుడు కనకురి షిజో అనే ఒక ఉపాధ్యాయ శిక్షణార్థి.

ఆయన 1891లో కుమామోతో ప్రాంతంలో జన్మించాడు. టోక్యో ఉన్నత నార్మల్ పాఠశాలలో చదువుతూ 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌కు ఎంపికయ్యాడు. తోటి విద్యార్థులు చందాలు పోగుచేసి పంపారు. ఓడలోను, సైబీరియా రైలులోను రెండు వారాలకు పైగా ప్రయాణం చేశాడు. మారథాన్ నాడు ఎండ తీవ్రంగా కాసింది. పోర్చుగల్ క్రీడాకారుడు లజారో ఆ పరుగులోనే సొమ్మసిల్లి పడి, తరువాత మరణించాడు. కనకురి కూడా నడిదారిలో కూలిపోయాడు. దారి ప్రక్కన తోటలో ఒక కుటుంబంవారు ఆయనను ఆదరించి దాహం తీర్చారు. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా ఆయన స్వదేశం చేరుకొన్నాడు. స్వీడన్ లెక్కలలో ఆయన ‘కనిపించని పరుగరి’గా మిగిలిపోయాడు.

సిగ్గుపడినా పరుగును మాత్రం ఆయన వదలలేదు. 1917లో క్యోటో నుండి టోక్యో వరకు, సుమారు 500 కిలోమీటర్లు, జట్లుగా పరుగెత్తే పోటీ జరిగింది. దానికి ‘ఎకిదెన్’ అని పేరు. ‘ఎకి’ అంటే మజిలీ, ‘దెన్’ అంటే అందించడం. పూర్వం మజిలీ మజిలీకి గుర్రాలు మార్చి టపా నడిపిన పద్ధతిని తలపించే పేరది. ఆ పోటీలో తన జట్టు తరఫున చివరి మజిలీ పరుగెత్తినవాడు కనకురి. దూరపు పరుగులో ఒక్కడు ఆరితేరితే చాలదనీ, పదుల కొద్దీ యువకులు తయారు కావాలనీ ఆయన తలపోశాడు. ఆ తలపు ఫలితమే 1920 ఫిబ్రవరిలో నాలుగు విద్యాలయాలతో ఆరంభమైన హకోనే ఎకిదెన్. ఉదయం తరగతులు ముగించుకొని విద్యార్థులు మధ్యాహ్నం పరుగు మొదలుపెట్టారట. కొండ ఎక్కేసరికి చీకటి పడితే కాగడాల వెలుగులో దారి చూసుకొన్నారని చెబుతారు. తొలి విజయం టోక్యో ఉన్నత నార్మల్ పాఠశాలది. అనగా గెలిచినవారు కాబోయే ఉపాధ్యాయులు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంత గర్వం కలుగుతుంది, మన్నించండి.

ప్రతి ఏటా జనవరి 2, 3 తేదీలలో ఈ పరుగు జరుగుతుంది. టోక్యోలోని ఒతెమాచి నుండి హకోనే కొండలలోని అషి సరస్సు వరకు మొదటి రోజు 107.5 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణం 109.6 కిలోమీటర్లు. మొత్తం 217.1. మన పాత లెక్కలో సుమారు పదిహేడు ఆమడలు. పదిమంది విద్యార్థులు పది మజిలీలుగా పరుగెత్తుతారు. ఒక్కొక్కరి వంతు ఇంచుమించు హాఫ్ మారథానే. అయిదవ వంతువాడు సముద్ర మట్టానికి 870 మీటర్లకు పైగా ఎక్కాలి.

వారి చేతిలో కర్ర ఉండదు. భుజంమీదుగా ఉత్తరీయంలా వేసుకొనే ‘తసుకి’ అనే గుడ్డపట్టీ ఉంటుంది. తమ విద్యాలయపు రంగుతో ఉన్న ఆ పట్టీని చెమటతో తడిసినదాన్ని తడిసినట్లే తరువాతివానికి అందించాలి. రాకపోకలను ఎక్కువసేపు నిలిపి ఉంచడం కుదరదు గనుక, ఒక జట్టు మరీ వెనుకబడితే తరువాతివాడు పట్టీ అందకుండానే బయలుదేరవలసి వస్తుంది. అప్పుడు చాలా మజిలీలలో విద్యాలయపు రంగు లేని, పసుపు తెలుపు చారల పట్టీ వేసుకొంటాడు. మజిలీ కనుచూపు దూరంలో ఉండగా తన పట్టీ అందుకోవలసినవాడు వెళ్ళిపోవడం చూసి, ఆ పట్టీని చేత పట్టుకొని నేలమీద కూలబడి ఏడ్చిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఓటమికన్న పట్టీ తెగిపోవడమే వారికి పెద్ద దుఃఖం.

యుద్ధ కాలంలో ఈ పోటీ ఆగింది. 1943 జనవరిలో ఒక్కసారి జరిగింది గాని, ఆ ఏడాది చివరలో విద్యార్థులను సైన్యంలోకి పిలిచారు. ఆ పరుగులో పాల్గొన్నవారిలో కొందరు తిరిగి రాలేదు. 1947లో పోటీ మళ్ళీ మొదలయింది. 1987 నుండి టెలివిజన్ దీనిని ఇంటింటికీ చేర్చింది. 1989లో యమనాషి గకుయిన్ విశ్వవిద్యాలయం తరఫున కెన్యా విద్యార్థులు పరుగెత్తారు. 2024లో నూరవ పోటీ జరిగింది. విజయం అయొయమ గకుయిన్ విశ్వవిద్యాలయానిది. హకోనే పురుషులకే పరిమితం. విద్యార్థినులకు 1983లో అఖిల జపాను విశ్వవిద్యాలయ మహిళా ఎకిదెన్ వేరుగా ఆరంభమయింది.

ఈ దారి నుండే విద్యార్థుల హాఫ్ మారథాన్ బలపడింది. తచికావ నగరంలో జరుగుతూ వచ్చిన జపాను విద్యార్థి హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు పరుగరులను ఎంపిక చేసే వేదిక అయింది. 2019 నేపుల్స్ క్రీడలలో ఈ పరుగులోని మూడు పతకాలూ జపాను విద్యార్థులే గెలిచారు. స్వర్ణం ఐజావ అకిరాది. హకోనేకు అర్హత పోటీ కూడా 2018 నుండి 20 కిలోమీటర్లకు బదులు హాఫ్ మారథాన్ దూరానికి మారింది. అక్కడ జట్టుకు పన్నెండుగురు పరుగెత్తితే పదిమంది సమయాలను కలిపి లెక్కిస్తారు. మొదటివాని వేగమొక్కటే చాలదు. పదవవాడు ఎలా వచ్చాడన్నదే జట్టు భాగ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఇక ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక దూరపు పరుగు పోటీలో మన విద్యార్థి ఒకడు సగంలో ఆగిపోయి చెట్టుక్రింద కూర్చున్నాడు. నేను అందరి ఎదుట “బడి పరువు తీశావురా” అన్నాను. వాడు మరి ఎన్నడూ మైదానంలోకి రాలేదు. కనకురి కథ నేను చాలా ఏండ్ల తరువాత చదివాను. 1967లో స్వీడన్‌వారు ఆ వృద్ధుణ్ణి సగౌరవంగా పిలిపించి, పరుగు పూర్తి చేయించారు. ఆయన సమయాన్ని 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకనులుగా ప్రకటించారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆగిపోయినవానికి నీళ్ళిచ్చిన ఆ తోటవారు ఎంతటి గురువులు! నీళ్ళివ్వవలసిన నేను మాట విసిరాను. ఆ విద్యార్థి ఈ సభలో ఉంటే, నాయనా, ఈ ముసలివాణ్ణి క్షమించు.

ఇంకొక్క మాటతో ముగిస్తాను. పరాయి భాషా ప్రాంతంలో తెలుగు బడి నడపడం కొండ ఎక్కే అయిదవ మజిలీ వంటిది. నేను చేరిననాడు తరగతికి రెండు సెక్షన్లుండేవి. నేను విరమించుకొన్ననాడు ఒక్క సెక్షనులో బెంచీలు ఖాళీగా ఉండేవి. తల్లిదండ్రులను నిందించను, బ్రతుకుతెరువు గడియారం వారిని తొందరపెడుతున్నది. కాని ఆ గడియారానికి ముందే మనం మజిలీ చేరుకోవాలి. ఇంటిలో పిల్లలతో తెలుగులో మాట్లాడటం, వారానికొక పుస్తకం చదివించడం, ఆగిపోయిన పిల్లవానికి చేయూతనివ్వడం, మనకు చేతనైన పరుగు ఇంతే. డెబ్బది అయిదేండ్లుగా చేతులు మారుతూ వచ్చిన మన పట్టీ ఇపుడు ముందు వరుసలోని చిరంజీవులది. దాని రంగు మారకుండా అందించే బాధ్యత పెద్దలమైన మనది.