దరఖాస్తులోని రెండు గడులు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



మీ పిల్లల ప్రవేశపు దరఖాస్తులో మాతృభాష అను గడి యొకటి గలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది మొదలు ఆ గడి మనకెంత విలువైనదో చెప్పనక్కరలేదు. మీరందు తెలుగు అని వ్రాసిన నేను నమ్ముదును. ఎవరి నాలుకను పరీక్షింపను. అదే కాగితమున లింగము అను గడియు నున్నది. నేటి నా మాట దానిని గూర్చి.

మన రాష్ట్రమున జాజపూరు జిల్లాలో నేతపనివారి యింట బుట్టిన ద్యుతీచంద్, హైదరాబాదులో నాగపురి రమేష్ గారి యొద్ద శిక్షణ పొందిన పరుగుపందెగత్తె. ఆమె రక్తమున టెస్టోస్టిరోన్ హెచ్చుగా నున్నదని 2014లో కామన్వెల్తు క్రీడలకు బోనీయలేదు. ఆడపిల్లగా బుట్టి, ఆడపిల్లగా పెరిగిన ఆమె క్రొత్తగా ఎంచుకొన్నదేమియు లేదు, ఎంచినవారు ఇతరులు. ఆమె తన దేహమును మందులతో మార్చుకొననని క్రీడా న్యాయస్థానమున కెక్కి, 2015లో ఆ నిబంధనను ఆపించెను. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో రెండు రజత పతకములు గెలిచెను. పందెమునకు ఏదో యొక కొలత యుండవలెనని నేనును ఒప్పుకొందును. 2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల పందెములకు జన్యుపరీక్షనే పెట్టినది. కాని ఆ కొలతను ఇంటిలోనికిని, బడిలోనికిని తేవలెనా?

తేవలదనియే మన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు. తాను స్త్రీయో, పురుషుడో, తృతీయ లింగమునకు చెందినవారో చెప్పుకొను హక్కు ఆ వ్యక్తిదేయని 2014 ఏప్రిల్ 15న చెప్పినది. పిమ్మట, పురుషునిగా ఒడిశా ఆర్థిక సేవలో చేరిన ఐశ్వర్య ఋతుపర్ణ ప్రధాన్ గారు స్త్రీగా తమ పేరు మార్చుకొని అదే కొలువున కొనసాగిరి.

ఇక మన సంగతి. ఠాకురాణీ యాత్రలో వేషము గట్టినవారికి దండము పెట్టుదుము. స్త్రీ పాత్రలకు పేరొందిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చినదని గర్వింతుము. ఆ ముచ్చట తెర దించువరకే.

కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడు చెడుగుడుకు రాక, బాలికలతో తొక్కుడుబిళ్ల యాడుచుండెను. నేనే చేయి పట్టి వానిని బరిలోనికి దింపితిని. పిల్లలు నవ్విరి. చెప్పుటకు సిగ్గగుచున్నది, నేనును నవ్వితిని. మరునాటినుండి వాడు రాలేదు. వారము గడచిన పిదప తండ్రి వచ్చి టీసీ కోరెను. కారణమడిగితిని.

“తమరు కూడ నవ్వినారట గదా, మాస్టారూ” అనెను.

తొక్కుడుబిళ్ల యాడినంతనే బాలుడు బాలిక యగునని నేననను. వాని మనసులో నేమున్నదో నాకు దెలియదు, నేనడుగలేదు. టీసీలోని గడులన్నియు నా చేతితోనే పూరించి యిచ్చితిని.

ఈ యేడు ఆటల పోటీలలో తొక్కుడుబిళ్లకు, చెడుగుడుకు బాలురు, బాలికలు ఎవరైనను పేరు ఇయ్యవచ్చును. పేర్లను శుక్రవారము లోపల వ్యాయామోపాధ్యాయునికి అందజేయవలెను. నవ్వువారిని నా గదికి పంపుడని ఆయనతో చెప్పియున్నాను.