గోడలు లేని జైలు – మన ఊరి గడప
(కొండగట్టులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంజన్న సన్నిధిలో జైలు ముచ్చటేమిటని అనుకోవద్దు. మనలో చాలామంది శాంతారాం గారి ‘దో ఆంఖే బారా హాథ్’ (1957) చూసినవారే. ఆరుగురు హంతకుల చేత జైలరు బీడు భూమి సాగు చేయిస్తాడు. అది ఉత్త కల్పన కాదు. 1939లో ఔంధ్ సంస్థానంలోని స్వతంత్రపూర్‌లో అలాంటి ప్రయత్నం నిజంగానే జరిగింది. మన వైపు చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. అనంతపురంలో 1965లో ఓపెన్ ఎయిర్ జైలు పెట్టారు.

అక్కడికి అందరినీ పంపరు. మామూలు జైల్లో కొంతకాలం గడిపి, నడవడి బాగున్న ఖైదీలనే ఎంచుతారు. ఎత్తయిన గోడలుండవు. హాజరు పలకాలి, పొలం పని చేయాలి, పశువులను సాకాలి. కూలి ముడుతుంది, శిక్షలో రెమిషను దొరుకుతుంది. (మనం ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ వాళ్లు రోజూ ఇస్తారన్నమాట!) రాజస్థాన్‌లోని సంగనేర్‌లో 1963లో మొదలైన శిబిరంలోనైతే ఖైదీలు భార్యాబిడ్డలతోనే ఉంటూ పగలు బయట పనికి పోయి వస్తారు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో, ఓపెన్ జైల్లో ఉన్న ఒకతన్ని తల్లి జబ్బు కారణంగా కొద్దిరోజులు ఇంటికి వదలడానికి ఊరి విచారణ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. “వాడొస్తే ఊళ్లె లొల్లి అయితది” అని ఎవరో అన్నారు. ఎందుకొచ్చిన తంటా అని ఫైలు అడుగున పెట్టాను. పైవారు అడగలేదు, నేను పుటప్ చేయలేదు. తీరా అది కదిలేసరికి ఆ తల్లి లేదు.

శిక్ష ముగిశాక అతడే రేషన్ కార్డులో పేరు ఎక్కించుకోవడానికి వచ్చాడు. నేనెవరో అతనికి తెలియదు. “జైల్ల నన్ను నమ్మి ఎడ్లనిచ్చిండ్రు సారూ. ఊళ్లె గుంటెడు భూమి కౌలుకిచ్చెటోడు లేడు” అన్నాడు. ఆ రోజే అతని పని చేయించాను. ఫైలు సంగతి మాత్రం నోరు పెగల్లేదు.

జైల్లో నేర్పిన సేద్యం ఊరి పొలిమేర దాకానే వెంట వస్తుంది. అక్కడ కార్డు కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, పూచీ పడే మనిషి కావాలి. దరఖాస్తులు రాయడంలో మనకు మించినవారెవరు? జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఎలా రాయాలో కూడా మనకు తెలుసు. అలాంటి కుటుంబాలకు కాగితం పని చేసిపెట్టేవారి జాబితా ఒకటి సంఘం తరఫున తయారు చేయాలని నా మనవి.

మొదట నా పేరు రాసుకోండి. మంగళ, శనివారాలు అంజన్న దర్శనానికి పోతాను. మిగతా రోజులు ఇంట్లోనే ఉంటాను.

సెలవు.